దారం పట్టేంత సందు

ఆగండి, ఒక్క నిమిషం ఆగండి. చేతిలో ఏ పనుందో దాన్ని పక్కన పెట్టి వినండి. పళ్ళతో దారం తెంపే అలవాటున్న ఒక టైలరమ్మాయి అవే పళ్ళకి క్లిప్పులు వేయించుకుంది. ఇక ఆ తర్వాత పడ్డ తిప్పలు చెప్తాను, వినండి.

షాపు వాళ్ళ మేనత్తది. ఒకవైపు జిరాక్సు షాపు, ఇంకోవైపు టైర్ల షాపు, ఆ రెండిటి మధ్యా ఇరుక్కుపోయిన సన్నటి గది. ఎదురెదురుగా రెండు మిషన్లు, గోడ పొడుగునా గుడ్డలు కత్తిరించే బల్ల, చివర్లో పరదా కట్టిన మూల, అందులో నిలువుటద్దం. మేనకోడలికి చదువైపోయింది, ఎక్కడో చోట ఉద్యోగమూ దొరికేదే. కానీ చిన్నప్పటి సెలవులన్నీ ఆ బల్ల కిందే ముక్కగుడ్డలతో ఆడుకుంటూ గడిపిన మనిషి కదా, కాళ్ళు వాటంతటవే అక్కడికొచ్చి మిషన్ పెడలు మీద కూర్చున్నాయి.

అత్త కుడుతుంటే చూడాలి. మెడలో టేపు, చెవి వెనక చాక్ పీసు, నోట్లో ఎప్పుడూ ఓ మాట. కుట్టు చివరికి రాగానే మాట ఆపకుండానే గుడ్డని మూతి దగ్గరికి తెచ్చి, ముందు పళ్ళ మధ్యనున్న సన్నటి సందులోకి దారం లాగి టక్కుమని తెంపేస్తుంది. కత్తెర అందుకునే లోపు ఇంకో జాకెట్టు చెయ్యి కుట్టేయొచ్చని ఆవిడ లెక్క. ఆ సందు ఆవిడకుంది, ఆవిడ అన్నయ్యకుంది, ఆయన కూతురు కాబట్టి ఈ అమ్మాయికీ ఉంది.

"అది మన కంపెనీ లేబులే," అనేది అత్త. "లేబులు చూస్తే చాలు, ఎవరి సరుకో తెలిసిపోతుంది."

మేనకోడలికి ఆ లేబుల్తో పాటు ఇంకో చిక్కు కూడా ఉంది. పై పళ్ళు బాగా ముందుకొచ్చి కింది పెదవి మీద కూర్చునేవి, కింది పళ్ళు పోయి అంగిట్లో గుచ్చుకునేవి. నమలడం కష్టం. దానికంటే కష్టం నవ్వడం. నవ్వొస్తే చాలు, చెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం పడేది. కుట్టేటప్పుడు రెండు చేతులూ గుడ్డ మీదే ఉండాలి కదా, ఒకటి లేచిందా, గుడ్డ జారుతుంది, కుట్టు వంకరపోతుంది. అత్తేమో నోరు తెరిస్తే జోకే.

"నేను జోకేసిన ప్రతిసారీ నీ కుట్టు డొంకదారి పడుతోందే. ఇప్పుడు నేను నోరు కుట్టుకోవాలా, నువ్వు నవ్వడం మానాలా?"

రెండూ అక్కర్లేదు, రెండు చేతులూ గుడ్డ మీదే ఉంచి హాయిగా నవ్వితే చాలనుకుంది మేనకోడలు. ఆ అమ్మాయి కోరుకున్నది అదొక్కటే. దానికోసమే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికెళ్ళి క్లిప్పులు వేయించుకుంది.

క్లిప్పులతో మొదటి రోజు షాపులో అడుగు పెట్టగానే అత్త మిషన్ ఆపి, కళ్ళజోడు సవరించుకుంది.

"ఏదీ, జిప్పు తెరువు, చూద్దాం."

అంతే, ఆ రోజునుంచి అది జిప్పు. పంటి పంటికీ అంటించిన బుల్లి బ్రాకెట్లేమో గుండీలు. పైకీ కిందకీ తగిలించే రబ్బరు బ్యాండ్లు ఎలాస్టిక్కు. డాక్టరమ్మ పెట్టిన పేర్లు షాపు గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాయి.

మొదట్లో నొప్పికి మెత్తనివి తప్ప ఏమీ తినలేకపోయింది. అత్త అన్నీ మిక్సీలో వేసి గ్లాసులో పోసిచ్చేది. "తాగు, ఏముందని అడక్కు," అనేది. తర్వాత్తర్వాత నొప్పి తగ్గింది, అలవాట్లు మారాయి. ఆపిల్‌ని కొరక్కుండా ముక్కలు కోసుకుని తినడం, టీలో నానితే తప్ప బిస్కెట్టు ముట్టకపోవడం, తిన్న ప్రతిసారీ పరదా వెనక అద్దం ముందు నిలబడి బ్రష్షు చేసుకోవడం. పెద్ద బ్రష్షు దూరని చోట, గుండీలన్నిటినీ కలిపే వైరు కింద తిప్పడానికి పైపు కడిగే బ్రష్షుకి పిల్లలా ఉండే బుల్లి బ్రష్షు ఒకటి. బుగ్గ ఒరుసుకున్న చోట గుండీ మీద అద్దడానికి చిన్న డబ్బాలో మైనం.

ఒకరోజు ఆ బుల్లి బ్రష్షు కనిపించలేదు. పరదా వెనక వెతికింది, సంచిలో వెతికింది, చివరికి చూస్తే అత్త మిషన్ పొట్ట విప్పి, బాబిన్ కేసులో ఇరుక్కున్న నూగుని దాంతోనే ఊడదీస్తోంది.

"అత్తా, అది నా పళ్ళ బ్రష్షు."

"అవునా. ఇంత మంచి వస్తువుని పళ్ళకి వాడతారా ఎవరైనా." తిప్పి తిప్పి చూసింది. "ఇదివరకు దీనికోసం సూదితో ఎన్ని పాట్లు పడ్డానో. ఇంకోటి తెచ్చుకో, ఇది ఇక మిషన్‌ది."

మైనం సంగతీ అంతే. చేతికుట్టుకి దారం బలంగా ఉండాలని అత్త ఎప్పుడూ దారానికి మైనం పట్టిస్తుంది. తన ముద్ద అరిగిపోయింది, చేతికి ఈ డబ్బా దొరికింది. "చాలా బాగుందే ఈ మైనం, వాసన కూడా లేదు," అంటూ దారం రీళ్ళన్నిటికీ పట్టించేసింది. మేనకోడలు మాత్రం బుగ్గ పట్టుకుని తిరిగింది.

ఇదంతా నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనిది ఏంటంటే, గుండీ ఊడటం మొదలైంది. అదీ ఎప్పుడూ ముందు పన్ను మీదదే. ఊడటం, డాక్టరమ్మ మళ్ళీ అంటించడం, మళ్ళీ ఊడటం.

"నేను కుట్టిన గుండీ చొక్కా చిరిగినా ఊడదు," అంది అత్త. "ఆవిడకి కుట్టడం రాదేమో, నేనొచ్చి చూస్తా పద."

అలా ఆ రోజు ఇద్దరూ వెళ్ళారు. అత్త గోడ పక్క కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని పరీక్ష పెట్టే టీచర్లా కూర్చుంది. డాక్టరమ్మ చిన్న వయసే, చేతులు మాట కంటే వేగం. దీపం దగ్గరికి లాగి నోట్లోకి చూసి నిట్టూర్చింది.

"మళ్ళీనా. పల్లీలు తిన్నావా?"

"లేదండి."

"ఐసు నమిలావా?"

"అస్సలు లేదండి."

"పెన్ను మూత కొరుకుతావా పోనీ?"

"నాకు పెన్నుతో పనేముందండి, చాక్ పీసు కదా."

"చాక్ పీసు తింటావా?"

మేనకోడలికి ఏడుపొచ్చినంత పనైంది. నిజంగానే ఏమీ తినలేదు. చెప్పినవన్నీ చెప్పినట్టు చేస్తోంది, ఎలాస్టిక్కు మార్చడం ఒక్కసారి కూడా మర్చిపోలేదు. అయినా ఎందుకు ఊడుతోందో తనకే తెలీదు. డాక్టరమ్మ సన్నటి పట్టకారు లోపలికి పెట్టి, వైరు దగ్గర ఏదో పట్టుకుని లాగింది. వచ్చింది. ఇంకా లాగింది, ఇంకా వచ్చింది. చివరికి దీపం వెలుగులో పైకెత్తి చూస్తే నీలం రంగు దారం.

"ఇదేంటి?"

అత్త కుర్చీలోంచి ముందుకు వంగింది. "అది స్కూలు స్కర్టు దారం. మొన్న అంచులు కుట్టాం."

"అది ఈమె నోట్లోకి ఎందుకొచ్చింది?" డాక్టరమ్మ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని చూసింది. "మీ షాపులో కత్తెర లేదా?"

"ఎందుకు లేదు, ఉంది. ఇంత పెద్దది. గుడ్డకి."

"మరి దారానికి?"

అత్తా మేనకోడలూ మొహమొహాలు చూసుకున్నారు.

"పళ్ళు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అప్పటికి గానీ మేనకోడలికి తెలీలేదు, తను పొద్దస్తమానం దారం కొరుకుతోందని. ఊపిరి పీల్చుకుంటున్నామని మనకి తెలుస్తుందా ఏంటి, ఇదీ అలాగే. డాక్టరమ్మ నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక చేతి తొడుగులు తీసేసి, తన స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"చూడమ్మా. ఊడిన ప్రతిసారీ ఆ పన్ను పాత చోటికే పోతోంది. నేను మళ్ళీ మొదటినుంచి లాగాలి. ఇలా ముందుకీ వెనక్కీ లాగితే వేరు దెబ్బతింటుంది, అంటించీ గీకీ పంటి పైపొర పాడవుతుంది. వచ్చేసారి కూడా ఇదే బ్రాకెట్ ఊడి వచ్చావనుకో, మొత్తం తీసేస్తాను. నీ మీద కోపంతో కాదు. సగం సగం వైద్యం కంటే లేకపోవడమే నయం, అందుకు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేనకోడలు కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత మెల్లిగా అంది, "అత్తా, కుచ్చులు పెట్టేటప్పుడు దారం వేసి మెల్లిమెల్లిగా లాగుతాం కదా."

"ఆఁ, లాగుతాం."

"అన్నీ దగ్గరికొచ్చాక ఎక్కడో ఓ చోట దారం తెగితే?"

తెగితే ఏమవుతుందో అత్తకి తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది. కుచ్చులన్నీ జారిపోయి గుడ్డ మళ్ళీ సాఫుగా పడుకుంటుంది. ఆవిడ సంచిలోంచి చాక్ పీసు తీసి ఊరికే చేతిలో తిప్పుతూ, "జిప్పు తీయించనివ్వను, ఏదో ఒకటి చేద్దాంలే," అంది.

మర్నాడే దారం కత్తెర ఒకటి కొని, రిబ్బను కట్టి మేనకోడలి మెళ్ళో వేసింది. లాభం లేకపోయింది. చెయ్యి కత్తెర వరకూ వెళ్ళే లోపే మూతి గుడ్డ వరకూ వచ్చేసేది. దారం పెదవికి తగిలాక గుర్తొచ్చి ఉలిక్కిపడేది. అలాక్కాదని మూతికి గుడ్డ కట్టుకుని కూర్చుంది. అది పనిచేసింది, కానీ అత్తకి నచ్చలేదు.

"చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానాలని జిప్పు పెట్టించుకున్నావు. ఇప్పుడు దానికో పరదా కుట్టావు. బాగుంది వరస."

దారి దొరికింది అనుకోకుండా. షాపుకి పాటల టీచరొకామె వచ్చేది, దగ్గర్లో స్కూలుపిల్లల చేత బృందంగా పాడించే ఆవిడ. స్కూలు వార్షికోత్సవానికి తనకో ముదురాకుపచ్చ లాంగ్ గౌను కుట్టమంది. ఆవిడ కొలతలిచ్చి, బల్లకి ఆనుకుని, మేనకోడల్ని అదీ ఇదీ అడుగుతూ నిలబడింది. మేనకోడలు కుడుతూనే బదులు చెప్తోంది. ఆవిడ వెళ్ళాక ఒళ్ళో చూసుకుంటే అంతసేపు తెంపిన దారాలన్నీ కత్తెరతో తెంపినవే.

"అత్తా, నోటికి పనుంటే చాలు. మాట్లాడే నోరు కొరకదు."

"నేను మాట్లాడుతూనే కొరుకుతాగా."

"నువ్వు వేరు. నీకు రెండు నోళ్ళు."

అందుకని కుట్టు చివరికి రాగానే పైకి ఒక మాట అనాలని పెట్టుకుంది. ఆ మాట 'కత్తెర'. క అనేటప్పటికే నోరు తెరుచుకుంటుంది, ర అనేటప్పటికి చెయ్యి మెడ దగ్గరికి వెళ్తుంది. టక్కు బదులు కిచుక్కు. ఇక ఆ షాపులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కత్తెర, కత్తెర, కత్తెర. కొలతలివ్వడానికొచ్చినవాళ్ళు బల్ల మీద కత్తెర వెతికి అందించబోయేవాళ్ళు. గోడ అవతలనుంచి జిరాక్సు షాపతను, "అక్కా, ఆ కత్తెర ఇంకా దొరకలేదా, మాది పంపించనా?" అని అరిచాడు. ఇంట్లో భోజనం ముగించి లేస్తూ కూడా ఓసారి అనేసింది, వాళ్ళ నాన్న తిరిగి చూశాడు. అయినా మానలేదు. ముందు పన్ను మీద గుండీ కూడా మళ్ళీ ఊడలేదు.

వార్షికోత్సవం సాయంత్రం పడింది, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సింది మర్నాడు పొద్దున. పాటల టీచరు ఇద్దరికీ ముందు వరసలో సీట్లిప్పించింది. అత్త అందరికంటే ముందే వెళ్ళి మధ్య సీట్లో స్థిరపడిపోయి, ఇక లేవనంటే లేవనంది. "నువ్వెళ్ళి గౌను సరిగ్గా కూర్చుందో లేదో చూసిరా, నేను సీటు కాస్తా." ఆ రోజుకి మేనకోడలు మెళ్ళో గొలుసు వేసుకుంది. రిబ్బనూ దాని కత్తెరా అత్త సంచిలో ఉన్నాయి. ఇది గుర్తు పెట్టుకోండి.

స్టేజి వెనక గదిలో గౌను బ్రహ్మాండంగా కూర్చుంది. టీచరు అద్దంలో ఇటూ అటూ తిరిగి చూసుకుని, గొంతు సవరించుకోవడానికి ఛాతీ నిండా గాలి పీల్చింది. వీపు మీద జిప్పు మెడనుంచి నడుము దాకా పళ్ళన్నీ విడిచేసి పుచ్చకాయలా తెరుచుకుంది.

"ఏమైంది?" అంది టీచరు కదలకుండా.

"ఏం కాలేదు మేడం. అలాగే ఉండండి. గాలి వదిలేయండి."

సూదీ దారం లేకుండా గడప దాటకూడదన్నది అత్త నేర్పిన మొదటి పాఠం. తన కాలర్ వెనక గుచ్చుకున్న సూది తీసింది, ఎక్కించి ఉన్నది తెల్లదారం, పర్వాలేదనుకుంది. అంచులు రెండూ దగ్గరికి పట్టి పైకి కనబడని దొంగకుట్టు వేసుకుంటూ పైకి వచ్చింది, టీచర్ని గౌనుతో కలిపి కుట్టేసినట్టే. అవతల మైకులో టీచరు పేరు పిలిచారు. పిల్లలు వరసలో స్టేజి ఎక్కుతున్న చప్పుడు. మెడ దగ్గర ముడి వేసింది.

"కత్తెర," అంది. చెయ్యి మెడ దగ్గరికి పోయింది. గొలుసు తగిలింది.

చుట్టూ చూసింది. పౌడరు డబ్బాలు, పూల కాగితాలు, పిల్లల చెప్పులు. కోసేది ఒక్కటి లేదు. దారాన్ని వేలికి చుట్టి లాగింది, వేలు కోసుకుంది గానీ దారం తెగలేదు. ఎలా తెగుతుంది, దానికి అత్త పట్టించిన పళ్ళ మైనముంది. మళ్ళీ పేరు పిలిచారు. టీచరు ఒక అడుగు వేసేసింది, వీపున సూది వేలాడుతోంది.

మేనకోడలి మొహం దానంతటదే ఆ వీపు మీదికి వంగింది. దారం పళ్ళకి తగిలింది. రోజూ దూరే సందులోకి దూరాలి కదా, దూరలేదు. పక్కకి జారింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. అక్కడ మునుపటంత చోటు లేదు. ఇన్నాళ్ళూ అద్దంలో రోజూ చూసుకుంటున్నా తెలియనిది దారం చెప్పింది, పళ్ళు దగ్గరికొచ్చేశాయని. ఇంకొంచెం గట్టిగా, కొంచెం పక్క పంటితో నొక్కితే తెగిపోతుంది. గుండీ కూడా తెగుతుంది.

తెంపకపోతేనో, తోక మిగులుతుంది. దారం తోకతో ఒక్క గుడ్డ కూడా షాపు దాటకూడదు, అది అత్త పరువు. బట్టలు ఇచ్చే ముందు ఆవిడ లోపలా బయటా వెతికి మరీ తెంపుతుంది. ఆవిడ ఇప్పుడు ముందు వరసలో మధ్య సీట్లో కూర్చుని ఉంది.

మేనకోడలు నోరు తెరిచింది. "కత్తెర," అంది మళ్ళీ, మెల్లిగా, ఎవరికీ వినబడనంత. అని సూదిలోంచి దారం జార్చేసింది. మిగిలిన జానెడు తోకని గౌను కాలర్ లోపలికి దోపి, టీచర్ని స్టేజి మీదికి తోసింది.

అంతా బాగానే ఉండేది. కానీ పిల్లల చేత పాడించేవాళ్ళు ఎటు తిరుగుతారు? పిల్లల వైపు. వీపు జనం వైపు. టీచరు చేతులు పైకెత్తిందో లేదో కాలర్లోంచి తోక బయటికొచ్చింది. ముదురాకుపచ్చ మీద తెల్లదారం, పైన స్టేజి లైటు. చేతులు లేస్తే అదీ లేస్తోంది, చేతులు దిగితే అదీ దిగుతోంది, పాటకి తాళం వేస్తున్నట్టు.

స్టేజి పక్కన, ఎవరో చేతికిచ్చిన తెర తాడు పట్టుకుని నిలబడి మేనకోడలు నేరుగా అత్త మొహం చూసింది. అత్త కూడా చూసేసింది, తోకని. కళ్ళు పెద్దవయ్యాయి, చెయ్యి సంచిలోకి వెళ్ళింది, లేచి స్టేజెక్కి తెంపేస్తుందేమో అన్నంత పనైంది. అంతలో తల తిప్పి మేనకోడలి వైపు చూసింది. సంచిలోంచి చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది. ఆ చేతి వేలితో తన ముందు పన్ను మీద తట్టి, కనుబొమలెగరేసి అడిగింది. ఉందా?

మేనకోడలు పెదవులు రెండూ విప్పి మొత్తం జిప్పంతా చూపించింది. ప్రతి గుండీ దాని చోట దాని పంటి మీద మెరుస్తోంది.

అత్త మొదట నోరు బిగించింది. తర్వాత తోక ఓసారి గిర్రున తిరిగేసరికి ఆవిడ భుజాలు ఊగడం మొదలైంది. ఆవిడ నవ్వు చూసి మేనకోడలికి నవ్వొచ్చింది. తెర తాడు వదిలితే తెర పడుతుందేమోనని రెండు చేతులా పట్టుకునే ఉంది, పట్టుకునే నవ్వింది, స్టేజి లైటు పళ్ళ మీద పడేలా నవ్వింది, పాట అయిపోయేదాకా నవ్వింది. చెయ్యి నోటి మీదికి రాలేదన్న సంగతి ఇంటికెళ్ళే దారిలో గానీ గుర్తుకు రాలేదు.

పొద్దున డాక్టరమ్మ దీపం లాగి చూసింది. ఈ చివరనుంచి ఆ చివరిదాకా చూసి, మళ్ళీ వెనక్కొచ్చి చూసింది.

"అన్నీ ఉన్నాయే. దారం కూడా లేదు."

"కత్తెర కొన్నాం," అంది అత్త గోడ పక్కనుంచి, అదేదో తనే కనిపెట్టినట్టు.

డాక్టరమ్మ పాత వైరు తీసి, ఇంకొంచెం గట్టిది ఎక్కించింది. అద్దం చేతికిచ్చింది. పై పళ్ళు వెనక్కి తగ్గాయి, పెదవులు ఇబ్బంది లేకుండా కలుస్తున్నాయి. మధ్య సందు ఎక్కడుందా అని వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఇప్పుడో సంగతి నువ్వు తేల్చాలి," అంది డాక్టరమ్మ, నోట్లో దూది ఉండలు సర్దుతూ. "పళ్ళని ఇంకొంచెం లాగితే ఈ సందు పూర్తిగా మూసుకుపోతుంది. కొంతమంది కొంచెం ఉంచమంటారు. ఉంచినా నమలడానికి ఇబ్బందేం లేదు, అది నీ ఇష్టం. ఏం చేయమంటావు, మూసేయనా, దారం పట్టేంత ఉంచనా?"

మేనకోడలు కళ్ళు తిప్పి అత్త వైపు చూసింది. పొద్దస్తమానం మాట్లాడే అత్త, లేబులు లేబులు అని ఊదరగొట్టే అత్త, నోరు మెదపకుండా కూర్చుని ఉంది.

"నన్ను చూడకు," అంది చివరికి. "నోరు నీది." అని నవ్వింది. ఆవిడ ముందు పళ్ళ మధ్య, మేనకోడలు పుట్టినప్పటినుంచీ చూస్తున్న ఆ సన్నటి సందు కనిపించింది.

దూది తీసేదాకా జవాబు చెప్పక్కర్లేదు. ఆలోచించుకోవడానికి అంత టైముంది. మీరైతే ఏం చెప్తారు?